పాతిక సంచికల వేసవి

ఆ బీరువా తలుపు తీసినప్పుడు నేను నాయన పక్కనే ఉన్నాను. పంతొమ్మిది వందల అరవై రెండు, ఏప్రిల్ నెలాఖరు. నెల్లూరులో మా కాలేజీకి సెలవులిచ్చి వారమైంది. జులైలో రజతోత్సవం. పాతికేళ్ళుగా విద్యార్థులు ఏడాదికొకటి చొప్పున తెచ్చిన పత్రికలన్నీ వరసగా బల్ల మీద పేర్చి, వచ్చే పెద్దలకు చూపించాలని ప్రిన్సిపాల్ గారి కోరిక. అవన్నీ గ్రంథాలయం చివరి గదిలో, గోడకు ఆనించిన టేకు బీరువాలో ఉన్నాయి.

మా నాయన ఓబులేసు ఆ గ్రంథాలయం పుట్టిన రోజు నుంచీ అందులో అటెండరు. సంతకం పెట్టడం, అంకెలు గుర్తుపట్టడం తప్ప ఆయనకు చదువు రాదు. అయినా ఏ పుస్తకం అడిగినా అట్ట రంగును బట్టి, మందాన్ని బట్టి నిమిషంలో తెచ్చిచ్చేవాడు. అప్పటికి నేను బి.ఏ. రెండో ఏడు పూర్తి చేశాను. సెలవుల్లో ఆయనకు చేతిసాయంగా వెళ్ళేదాన్ని.

పైకి చూస్తే సంచికలన్నీ బాగానే ఉన్నాయి. నాయన ఒకదాన్ని పట్టుకుని లాగాడు. అట్ట మాత్రం చేతికి వచ్చింది. దాని వెనక ఉన్నది మట్టి. నేను ఇంకొకటి లాగాను. అదీ అంతే. పిల్లల పాతికేళ్ళ రాతలు చెదలు తిని, పొట్టు మిగిల్చి పోయాయి.

కబురు వెళ్ళిన పది నిమిషాలకు ప్రిన్సిపాల్ గారు వచ్చారు. ఆయన కోపంగా ఉన్నప్పుడు గొంతు తగ్గేది.

"ఈ బీరువా ఎవరి చేతిలో ఉండేది ఓబులేసూ?"

"నా చేతిలోనే సార్."

ఆ గోడ చెమ్మ పడుతోందని మూడేళ్ళు వరసగా అర్జీలు పెట్టాం. మూడూ నేనే రాశాను. ఆ మాట అనబోతుంటే నాయన నా చెయ్యి నొక్కాడు.

"జులై పదిహేనున కమిటీ వస్తుంది. నేనేం చూపించాలి వాళ్ళకు? ఈ మట్టా?" ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ ఉద్యోగం సంగతి వాళ్ళే తేలుస్తారు. నా చేతిలో లేదు."

మూలాపేటలో మా ఇల్లు రెండు గదులు. సంగతి విన్నాక అమ్మ చాట పక్కన పెట్టి, "చెమ్మ గోడకు బీరువా ఆనిస్తే చెదలు రాక నెమళ్ళు వస్తాయా? అంత చదువుకున్నోళ్ళు ఒక్కరికీ తెలవలేదా?" అంది. నాయన మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "ప్రమీలా, నోటుబుక్కు తీసుకో, చెప్పింది రాసుకో," అన్నాడు.

"ముప్ఫై ఎనిమిది. పచ్చ అట్ట. సరస్సు గురించి రాసినోడు పెంచలయ్య. దొరవారిసత్రం అవతల పట్టపుపాళెం. ముప్ఫై తొమ్మిది. నీలి అట్ట. దాంట్లో ఉత్తరాలు రాయడం గురించి ఒకటి ఉంది, ఆ పిల్లోడిది కోవూరు. నలభై ఒకటి. ఎర్ర అట్ట. హెబ్రోను, బిట్రగుంట..."

నేను రాస్తూ రాస్తూ ఆగిపోయాను. "ఇవన్నీ నీకెట్టా గుర్తుండాయి నాయనా?"

"అచ్చయిన రోజు ప్రతివాడూ పుస్తకం పట్టుకోని నా దగ్గిరికే గదా వచ్చేది! ఇంట్లో వినేవాళ్ళు లేనోళ్ళు ఎంతమంది! నాకు చదివి వినిపించేవాళ్ళు. నేను స్టూలు మీద కూర్చోని అంతా విని, బాగుందబ్బాయా అనేవాణ్ణి." ఆయన కళ్ళలో పొద్దుటి నుంచి లేని వెలుగు వచ్చింది. "రాసినోడు తన పుస్తకం పారేసుకోడు పాపా. యాడో ఒక పెట్టెలో ఉంటది."

అన్నం వేళకు అరవై ఒక్క పేర్లు తేలాయి.

మర్నాడే బిట్రగుంటకు ప్యాసింజరు ఎక్కాం. నాయన కిటికీ పక్కన కూర్చుని ప్రతి స్టేషన్ పేరూ నా చేత చదివించాడు. రైల్వే కాలనీలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. హెబ్రోను గారు గూడ్సు గార్డు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాడు. నాయనను చూసి ఒక బూటుతోనే లేచి నిలబడ్డాడు.

"ఓబులేసన్నా! నేనేమన్నా పుస్తకం తిరిగియ్యలేదా?"

"అన్నీ ఇచ్చినావు. ఇప్పుడు నేనే అడగడానికి వచ్చినా."

జరిగింది విని ఆయన నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్ళి, కలరా ఉండల వాసన కొడుతున్న మూడు సంచికలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎర్ర అట్టది కూడా ఉంది. నేను చెయ్యి చాచేలోగా వాటి మీద అరచెయ్యి ఉంచాడు.

"ఇస్తా. ఒక షరతు. ఇది గూడా తీసుకోవాల." గోడకున్న పటం వెనక నుంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "నలభై ఒకటిలో నేను రాసిన కవిత. వేసుకోలేదు. ఛందస్సు లేదంట. రైలింజను మీద కవితేందని తిప్పి పంపినారు."

వంటింట్లో నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. "పెళ్ళయిన కొత్తలో అది నాకు చదివి వినిపించినాడమ్మా. నేను ఆవలించినానని రెండు రోజులు అన్నం తినలేదు!"

"ఒకటిన్నర రోజు," అన్నాడు హెబ్రోను గారు.

నేను కాగితం విప్పి పైకి చదివాను.

"కూత వేసిన చోటల్లా ఒక ఊరు మేలుకుంది,
పొగ వదిలిన చోటల్లా ఒక మబ్బు మిగిలింది..."

చివర ఎర్ర సిరాతో 'ప్రచురణకు తగదు' అని ఉంది. కింద సంతకం. ఆ వంకర నాకు బాగా తెలుసు. మా హాలు టికెట్ల మీద, నాయన సెలవు చీటీల మీద పాతికసార్లు చూశాను.

"ఎవురిది?" అన్నాడు నాయన.

"మన ప్రిన్సిపాల్ గారిది. అప్పుడు లెక్చరరు గదా, పత్రిక ఆయనే చూసేవాళ్ళేమో."

నాయన "అయితే ఆయనకు చూపించాల్సిందే," అన్నాడు. హెబ్రోను గారు సంచికల మీద నుంచి చెయ్యి తీశాడు.

తిరుగు రైల్లో ఆ కవిత నాయన నా చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. పడుగుపాడు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి చక్రాల చప్పుడుకు సరిగ్గా కుదిరింది. ఛందస్సు ఉందో లేదో గానీ, పక్క బెంచీలో తమలపాకులు అమ్ముకునే ఆమె తలూపడం మొదలుపెట్టింది. నేను నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, పైన 'అచ్చుకానివి' అని రాశాను.

మే నెల ఎట్లా గడిచిందో చెప్పలేను. బస్సుల్లో, ఎడ్లబండ్లలో, ఎండకు తల మీద తడిగుడ్డ వేసుకుని కాలినడకన తిరిగాం. ఎక్కడికి పోయినా నాయన ముందు మనిషిని పోల్చుకునేవాడు, తరువాత ఆ మనిషి రాసింది చెప్పేవాడు. పొట్టలు పెరిగి, జుట్టు ఊడిపోయిన రైతులూ గుమాస్తాలూ పద్దెనిమిదేళ్ళ పిల్లలైపోయి అటకలెక్కేవాళ్ళు. కోవూరులో రంగనాయకులు గారు ధాన్యపు కొట్లో బస్తాలన్నీ జరిపించి, వెనకున్న పాత పెట్టె వెతికి, దుమ్ము కొట్టుకుపోయి బయటికి వచ్చి, "దొరికింది అన్నా, నా వ్యాసం దొరికింది!" అని పొలం దాకా వినిపించేలా అరిచారు. ఆ పెట్టెలోనే వాళ్ళ తాతల కాలం ఉత్తరాలు, ఒక పెళ్ళి పాటల పుస్తకం దొరికాయి. "ఇవి గూడా తీసుకోండమ్మా, ఇక్కడుంటే ఎలకల పాలు," అన్నది ఆయన భార్య. అట్లా ప్రతి ఇంట్లోనూ సంచికతో పాటు ఇంకేదో ఒకటి మా చేతికి వచ్చేది. వద్దనడం నాయనకు చేతకాలేదు.

మా రెండు గదులూ నిండిపోయాయి. మొదటి వారం అమ్మ గొణిగింది. రెండో వారం, నేను తడిసిన కాగితాలు ఎండలో పరుస్తుంటే పరుగున వచ్చి లాక్కుంది.

"ఎండలో పెడతావా? పెళుసెక్కి అప్పడాల మాదిరి విరిగిపోవూ? నీడన ఆరాల!"

ఆ రోజు నుంచి పెత్తనం ఆమెదే. దండెం మీద చీరలు తీసేసి కాగితాలు వేసింది. వేపాకు నీడన ఆరబెట్టి పొరల మధ్య పరిచింది. వసకొమ్ములు గుడ్డముక్కల్లో మూటకట్టి మూలమూలలా పెట్టింది. చిరిగిన చోట అతకడానికి పిండి జిగురు ఉడికిస్తూ, అందులో చిటికెడు మైలుతుత్తం కలిపింది. "ఇది తగిలితే పురుగు దగ్గిరికి రాదు," అంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కాలేజీ గేటు దాటి లోపలికి రాని మనిషి, ఏ కాగితం ఏ ఏడాదిదో రంగు చూసి నాకే చెప్పసాగింది.

జూన్ మొదటి వారానికి ఇరవై నాలుగు సంచికలు చేరాయి. లేనిది పచ్చ అట్టది ఒక్కటే.

రోహిణి కార్తె ఎండ మండిపోతుండగా దొరవారిసత్రం స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి బండి, బండి ఆగిన చోటు నుంచి ఇసుకలో నడక. పులికాట్ సరస్సు ఒడ్డున పాళెంలో ముప్ఫై గుడిసెలు. పెంచలయ్య పందిరి కింద కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, నల్లగా, కడ్డీలాగా ఉన్నాడు. పక్కన పన్నెండేళ్ళ కూతురు పేరమ్మ దారం అందిస్తోంది.

"నేను ఓబులేసును. లైబ్రరీ ఓబులేసును," అన్నాడు నాయన.

పెంచలయ్య తలెత్తి చూశాడు. గుర్తుపట్టినట్టు నాకు తెలిసిపోయింది. కానీ ఆయన మళ్ళీ వలలోకి వంగాడు.

"నేను ఏ కాలేజీలో చదవలేదు. ఏమీ రాయలేదు. ఇంకెవురో అయ్యుంటారు."

నాయన బలవంతపెట్టలేదు. సంగతి నాకు దారిలోనే చెప్పాడు. పెంచలయ్య ఇంటర్ మొదటి ఏడు చివర్లో తండ్రి పడవ తిరిగి రాలేదు. ఈయన సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. పాళెం నుంచి కాలేజీకి పోయినవాడు ఆయన ఒక్కడే.

గుడిసెలో నుంచి ఒక ముసలామె వంగి బయటికి వచ్చింది. పెంచలయ్య తల్లి ముసలమ్మ. "ఏందిరా రాయలేదంటావు? మరి కుండలో ఉన్నదేంది?" అని, మా వైపు తిరిగి, "కూర్చోండి నాయనా. నీళ్ళు తాగుదురు," అన్నది.

మూతికి గుడ్డ కట్టిన కుండలో నుంచి, తెరచాప ముక్కలో చుట్టిన పచ్చ అట్ట పుస్తకం తీసింది. నా చేతికిచ్చింది గానీ ఒక కొస వదల్లేదు.

"చదువుకో పాపా. రాసుకో. పుస్తకం మాత్రం ఈ ఇల్లు దాటదు."

"రాసుకుంటానవ్వా."

ఇరవై నాలుగు తుపాన్ల చెమ్మ తగిలిన కాగితం. కొన్ని చోట్ల అక్షరాలు అతుక్కుపోయి ఊడాయి. నేను పైకి చదువుతూ రాసుకోసాగాను. సరస్సు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోవడం, వానలకు మళ్ళీ తెరుచుకోవడం గురించి ఆ వ్యాసం.

"'మొగ తెరుచుకున్న రోజు నీళ్ళ రంగు మారదు. వాసన మారుతుంది. ఆ వాసన...' ఇక్కడ పోయిందవ్వా."

"'ఆ వాసన పాళెంలో అందరికన్నా ముందు మా అమ్మకు తెలుస్తుంది,'" అన్నది ముసలమ్మ టక్కున. ఆమెకు అక్షరం రాదు. కొడుకు ఒకసారి చదివి వినిపించాడట. "నేనేనే ఆ అమ్మను!" అని మనవరాలి బుగ్గ గిల్లింది.

ఇంకో రెండు చోట్ల కూడా ఆమే అందించింది. చివరి పేరా దగ్గర పెద్ద చిల్లు.

"'ఆ మొదటి రోజు పాళెంలో...'" అని ఆగాను.

ముసలమ్మ నోరు తెరిచి, మూసింది. కొంగుతో పెదవులు తుడుచుకుంది. "ఉండు పాపా... మొదటి రోజు... ఉండు." రాలేదు. పందిరి మీద కాకి ఒకటి అరిచి ఎగిరిపోయింది.

"'ఆ మొదటి రోజు పాళెంలో ఎవరూ వల వెయ్యరు.'"

పెంచలయ్య అన్నాడు. మా వైపు తిరగలేదు. చేతులు వల అల్లుతూనే ఉన్నాయి.

"'లోపలికి వచ్చే చేపకు ఒక్కరోజు దారి ఇస్తారు. మర్నాడు తెల్లవారి, పిల్లలతో సహా అందరూ పడవలెక్కుతారు.'" ఒక ముడి బిగించాడు. "దాని తరువాత ఏం లేదు. అంతే."

నేను రాసుకున్నాను. పేరమ్మ చేతిలో దారం అట్లాగే ఉండిపోయింది.

"నాయనా, నువ్వు రాసినావా ఇది?"

"ఊఁ. దారం ఇయ్యి."

తిరిగి వచ్చేటప్పుడు ముసలమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు మూటకట్టి ఇచ్చింది. నాయన సంచిలో నుంచి అమ్మ ఇచ్చిన వసకొమ్ములు తీసి, కుండలో ఎట్లా పెట్టాలో ఆమెకు చూపించాడు. పెంచలయ్య బండి దాకా మాతో నడిచాడు. బండి కదిలాక, "ఓబులేసన్నా, ఇప్పుడు గూడా ఆ స్టూలు మీదే కూర్చుంటావా?" అని అడిగాడు.

"అదే స్టూలు," అన్నాడు నాయన.

జులై పదిహేనున హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఇరవై నాలుగు సంచికలు, పచ్చ అట్టదానికి బదులు నా చేతిరాతలో ఆ సరస్సు వ్యాసం. పక్క బల్లల మీద ఉత్తరాలు, పాటల పుస్తకాలు, ఫోటోలు. చివరి బల్ల మీద 'అచ్చుకానివి' అని అట్టముక్క పెట్టాను. అమ్మ కొత్త చీర కట్టుకుని, మొదటిసారి కాలేజీ మెట్లెక్కి, కిటికీలన్నీ తెరిచి చూసి, "ఈ గోడ పొడిగా ఉంది, ఫరవాలేదు," అని తీర్పు చెప్పింది.

పది గంటలకు గుంపు మొదలైంది. రాసినవాళ్ళంతా భార్యాబిడ్డలతో వచ్చారు. హెబ్రోను గారు ఇస్త్రీ యూనిఫారంలో వచ్చి ఆ చివరి బల్ల దగ్గరే కాపలా నిలబడ్డాడు. కమిటీ పెద్దలతో ప్రిన్సిపాల్ గారు అక్కడికి రానే వచ్చారు. కాగితం తీసి చదివారు. ఎర్ర సిరా చూశారు. తన సంతకం చూశారు.

"హెబ్రోనూ," అన్నారు చివరకు, "దీనికి ఛందస్సు ఇప్పటికీ లేదు."

"లేదు సార్."

"కానీ బాగుంది. అప్పుడు కూడా బాగుండే ఉంటుంది." కళ్ళజోడు తీశారు. "ఒకసారి పైకి చదువు. నేనూ వింటాను."

హెబ్రోను గారు చదివాడు. చివర్లో ఆయన భార్య అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఆ సందడిలోనే గుమ్మం దగ్గర ముసలమ్మ, పేరమ్మ కనిపించారు. వాళ్ళ వెనక తెల్లచొక్కా వేసుకుని పెంచలయ్య. తెరచాప మూట ఆయన చేతుల్లో ఉంది. నేను రాసిన ప్రతిని పక్కకు జరిపి, పచ్చ అట్ట పుస్తకం తనే వరసలో పెట్టాడు. "ఇయ్యాల ఒక్కరోజే. సాయంత్రం తీసకపోతా," అన్నాడు. సాయంత్రం దాకా ఆ బల్ల దగ్గర నుంచి కదలకుండా, వచ్చినవాళ్ళకల్లా పేరమ్మ చెప్పింది, అది వాళ్ళ నాయన రాసిందని.

కమిటీ పెద్ద ఇదంతా ఎవరి పని అని అడిగాడు. ప్రిన్సిపాల్ గారు నాయన భుజం పట్టుకుని ముందుకు తెచ్చారు. ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ వెళ్ళాక ఆయన నా దగ్గరికి వచ్చి మూడు కాగితాలు ఇచ్చారు. చెమ్మ గోడ గురించి నేను రాసిన అర్జీలు.

"నా సొరుగులో దొరికాయి ప్రమీలా. వీటిని కూడా మీ బల్ల మీద పెట్టు. ఏ కాగితమూ పోకూడదు."

ఆ నెలలోనే మేడ మీద గాలి తగిలే గది ఒకటి ఈ కాగితాలకని ఇచ్చారు. ఏది మా దగ్గర ఉందో, ఏది ఏ ఇంట్లో ఉందో నేను రిజిస్టరులో రాసేదాన్ని. అమ్మ జిగురు గిన్నెతో రోజూ వచ్చి కిటికీ పక్కన కూర్చునేది. మరుసటి ఏడు నేను గ్రంథాలయ శాస్త్రం చదవడానికి మద్రాసు వెళ్ళాను గానీ, మా ఇంటి బతుకు మారింది మాత్రం ఆ గదిలోనే.

ఆగస్టు మొదట్లో ఒక మధ్యాహ్నం కోవూరు పక్క పల్లె నుంచి వెంకయ్య అనే రైతు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "మా ఇంట్లో ఎవురూ కాలేజీ మొహం చూడలేదు. అయినా తీసుకుంటారా?" అని అడిగాడు.

"రాన్నా, కూర్చో," అన్నాడు నాయన.

వెంకయ్య చంకలో నుంచి పొడుగాటి దస్త్రం తీశాడు. వాళ్ళ తాత నలభై ఏళ్ళు రాసిపెట్టిన పుస్తకం. పెన్నకు ఎప్పుడు నీళ్ళొచ్చాయి, ఎప్పుడు పొర్లింది, ఎంతవరకు వచ్చింది, అంతే. వేరే ఏమీ లేదు. నేను పేజీలు తిప్పుతుంటే అమ్మ జిగురు కుంచె ఆపి నాయన వైపు తిరిగింది.

"ఏమయ్యా, మీ అమ్మ చెప్పేది గదా, ఏటికి నీళ్ళొచ్చి గోడ పడిన రోజు నువ్వు కట్ట మీద పుట్టినావని? అది యాడ?"

"వాళ్ళ ఊరి కట్టే," అన్నాడు నాయన వెంకయ్యను చూపిస్తూ. "ఏ సంవత్సరమో తెలిస్తే గదా! నౌకరీలో చేరినప్పుడు గుమాస్తా నా మొహం చూసి ఏదో తేదీ వేసినాడు."

నేను వెనక్కి తిప్పాను. ఒక్కో ఏడూ రెండు మూడు వరసలే. సాధారణ నామ సంవత్సరం, అంటే పంతొమ్మిది వందల పది దగ్గర ఏడు వరసలున్నాయి. పైకి చదివాను.

"'నాగుల చవితి మరునాడు జాముపొద్దుకు పెన్న పొర్లినది. గోడలు పడిన ఇండ్లు పదకొండు. మనుషులకు హాని లేదు. జనమంతా కట్ట మీద. కట్ట మీద కానుపు ఒకటి. మగబిడ్డ. తల్లీబిడ్డా క్షేమం.'"

వెంకయ్య నాయన మొహంలోకి చూశాడు. నాయన స్టూలు మీద నుంచి లేచి, వచ్చి, ఆ వరస ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. ఆయన తన వేలు నా వేలి పక్కన ఉంచాడు.

"ఇంకోసారి చదువు పాపా."

చదివాను.

"క్షేమం అని రాసినాడా?"

"క్షేమం అనే రాసినాడు నాయనా."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. మొదట వేలు కదలకుండా నవ్వాడు. తరువాత భుజాలు కదిలాయి. వెంకయ్యకూ నవ్వొచ్చింది, అమ్మకూ వచ్చింది. కింద హాల్లో చదువుకుంటున్న పిల్లలు తలలెత్తి మేడ వైపు చూశారు. పాతికేళ్ళుగా పిల్లలను నిశ్శబ్దంగా ఉండమని చెప్పిన మనిషి, గది మధ్యలో నిలబడి, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.